షికాగో నగరంలో హింసాత్మక నేరాల అసమాన విస్తరణ

అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న షికాగో నగరంలో హత్యలు, కాల్పులు, దోపిడీలు, తీవ్రమైన దాడులు ఊరంతటా ఒకే తీరుగా జరగవు. దక్షిణ, పశ్చిమ భాగాల్లోని కొన్ని పేటల్లో అవి దశాబ్దాలుగా పేరుకుపోయి ఉన్నాయి. వాయవ్య శివారులోని ఎడిసన్ పార్క్ వంటి చోట్ల ఏడాది పొడవునా ఒక్క హత్య కూడా జరగకుండా గడిచిపోవడం మామూలే. ఒకే నగరపాలక సంస్థ, ఒకే పోలీసు శాఖ, ఒకే చట్టం ఉన్న ఊళ్లో ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నపై ఇక్కడ దాదాపు నూరేళ్లుగా పరిశోధన సాగుతోంది. అందుకే నగరాల్లో నేర విస్తరణను చర్చించే ఏ గ్రంథంలోనైనా షికాగో ప్రస్తావన తప్పనిసరి.

ఈ పరిశోధనల నుంచి మూడు విషయాలు స్థిరపడ్డాయి. మొదటిది, హింస పేటల మధ్యే కాదు, ఒక్కో పేట లోపల వీధుల మధ్య, ఆ వీధుల్లోని మనుషుల మధ్య కూడా అసమానంగానే ఉంటుంది. రెండవది, జనం మారిపోయినా, నగరం మొత్తం లెక్క పెరిగినా తగ్గినా, ఎక్కువ హింస ఉన్న పేటల వరుస పెద్దగా మారదు. మూడవది, ఆ పేటలు అలా తయారవడం వెనుక ఇళ్లు, అప్పులు, ఉద్యోగాల విషయంలో ప్రభుత్వమూ వ్యాపార సంస్థలూ తీసుకున్న నిర్ణయాలు ఉన్నాయి.

నగరం, ప్రాంతాల విభజన

2020 జనగణన ప్రకారం షికాగో జనాభా 27,46,388. విస్తీర్ణం సుమారు 600 చదరపు కిలోమీటర్లు. జనాభాలో శ్వేతజాతీయులు, నల్లజాతీయులు, లాటినోలు ఇంచుమించు మూడింట ఒక వంతు చొప్పున ఉంటారు. అయితే ఈ మూడు వర్గాలూ కలిసి నివసించే పేటలు తక్కువ. నల్లజాతి జనాభాలో అత్యధికులు సౌత్ సైడ్, వెస్ట్ సైడ్ అని పిలిచే దక్షిణ, పశ్చిమ భాగాల్లో ఉంటారు.

1920లలో షికాగో విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్తలు నగరాన్ని 75 ప్రాంతాలుగా విడగొట్టారు. వీటిని కమ్యూనిటీ ఏరియాలు అంటారు. తర్వాత ఓహేర్ విమానాశ్రయ ప్రాంతం కలవడం, అప్‌టౌన్ నుంచి ఎడ్జ్‌వాటర్ విడిపోవడం వల్ల వాటి సంఖ్య 77 అయింది. ఎన్నికల వార్డుల సరిహద్దులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గానీ వీటి హద్దులు దాదాపుగా మారలేదు. కాబట్టి 1930 నాటి నార్త్ లాండేల్‌ను 2020 నాటి నార్త్ లాండేల్‌తో నేరుగా పోల్చవచ్చు. ఇంత పొడుగాటి కాలానికి ఇంత స్థిరమైన లెక్కలు దొరికే నగరాలు చాలా తక్కువ.

లెక్కించే పద్ధతి

అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నాలుగు నేరాలను హింసాత్మక నేరాలుగా లెక్కిస్తుంది: హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్ర దాడి. వీటిలో హత్యల లెక్క ఎక్కువ నమ్మదగినది. శవాన్ని లెక్కలోకి రాకుండా దాచడం కష్టం. అత్యాచారాలు, గృహహింస పోలీసుల దాకా రాకుండా పోయే సందర్భాలు చాలా ఉంటాయి. పోలీసులపై నమ్మకం లేని పేటల్లో దోపిడీ ఫిర్యాదులు కూడా తగ్గుతాయి. అందుకే పేటలను పోల్చేటప్పుడు పరిశోధకులు ముందుగా హత్యలను, తుపాకీ గాయాలను చూస్తారు.

లక్ష మందికి ఎన్ని అన్న రేటులోనూ ఒక చిక్కు ఉంది. నగర కేంద్రమైన లూప్‌లో నివాసులు తక్కువ, పగటిపూట వచ్చిపోయేవారు లక్షల్లో. అక్కడ జరిగిన దోపిడీలను అక్కడి నివాసుల సంఖ్యతో భాగిస్తే ప్రమాదం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. నగరపాలక సంస్థ 2001 నుంచి నమోదైన నేరాల వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచింది. బాధితుల గోప్యత కోసం ఇంటి నంబరులో చివరి అంకెలు మరుగుపరిచి, ఏ బ్లాకులో జరిగిందో మాత్రమే చూపిస్తుంది. రెండు అడ్డవీధుల మధ్య ఉండే వీధి ముక్కను అక్కడ బ్లాకు అంటారు.

నగరం మొత్తం మీద 1974లో 970 హత్యలు జరిగాయి. 1990ల ఆరంభంలో మళ్లీ 900 దాటాయి. 2004లో 500 లోపుకు వచ్చాయి. 2016లో 764కు ఎగబాకాయి. కోవిడ్ కాలంలో, 2021లో, దాదాపు 800కు చేరి ఆ తర్వాత తగ్గుతూ 2024 నాటికి 600 లోపుకు దిగాయి. సంఖ్య పెద్దది కాబట్టి షికాగో పేరు వార్తల్లో ఎక్కువగా వినిపిస్తుంది. జనాభాతో భాగించి చూస్తే సెయింట్ లూయిస్, బాల్టిమోర్, న్యూ ఆర్లీన్స్, డెట్రాయిట్ నగరాల హత్యల రేటు 2010లలో షికాగో కంటే ఎక్కువ. షికాగో ప్రత్యేకత సగటులో లేదు, ఆ సగటు కింద దాగిన తేడాలో ఉంది.

విస్తరణ తీరు

పేటల స్థాయిలో: షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన క్రైమ్ ల్యాబ్ 2017లో వెలువరించిన నివేదిక ఈ తేడాను స్పష్టంగా చూపింది. ఆస్టిన్, ఇంగిల్‌వుడ్, వెస్ట్ ఇంగిల్‌వుడ్, న్యూ సిటీ, గ్రేటర్ గ్రాండ్ క్రాసింగ్ అనే అయిదు ప్రాంతాల్లో నగర జనాభాలో 9 శాతం మంది ఉంటారు. 2015లో నగరంలో జరిగిన హత్యల్లో 32 శాతం ఈ అయిదింటిలోనే జరిగాయి. అంటే ఇక్కడి రేటు మిగతా నగరంతో పోలిస్తే దాదాపు అయిదు రెట్లు. 2016లో హత్యలు ఒక్కసారిగా 58 శాతం పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో సగానికి దగ్గరి భాగం కూడా వీటిదే. బాధితుల్లోనూ ఇదే ఒరవడి. నగర జనాభాలో 4 శాతమే ఉన్న 15–34 ఏళ్ల నల్లజాతి పురుషులు ఆ ఏడాది హతుల్లో సగానికి పైగా ఉన్నారు. పదింట తొమ్మిదికి మించిన హత్యలకు ఆయుధం తుపాకీయే.

వీధుల స్థాయిలో: పేటను ఒక ముద్దగా చూస్తే మరో పొరపాటు జరుగుతుంది. 1989లో లారెన్స్ షెర్మన్ బృందం మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్ పిలుపులను పరిశీలించి, వాటిలో సగం నగరంలోని చిరునామాల్లో సుమారు 3 శాతం చోట్ల నుంచే వస్తున్నాయని చూపించింది. బోస్టన్‌లో 1980–2008 మధ్య జరిగిన తుపాకీ దాడుల్లో నాలుగింట మూడు వంతులు నగర వీధి ముక్కలు, కూడళ్లలో 5 శాతం లోపు చోట్లే జరిగాయి. ఈ ధోరణి అనేక నగరాల్లో కనిపించడంతో నేరశాస్త్రవేత్త డేవిడ్ వైస్‌బర్డ్ దీన్ని నేర కేంద్రీకరణ సూత్రంగా ప్రతిపాదించాడు. పేరుమోసిన పేటలో కూడా పెక్కు బ్లాకులు ప్రశాంతంగా ఉంటాయి. ఒక మద్యం దుకాణం ముందు, ఒక పెట్రోలు బంకు మూల, ఒక పాడుబడ్డ ఇంటి పక్క సందు, ఇలాంటి కొద్ది చోట్ల ఘటనలు మళ్లీ మళ్లీ జరుగుతాయి.

మనుషుల స్థాయిలో: సమాజ శాస్త్రవేత్త ఆండ్రూ పాపక్రిస్టోస్ పోలీసుల అరెస్టు రికార్డులు తీసుకుని, ఎవరు ఎవరితో కలిసి పట్టుబడ్డారో గీతలు గీసి పరిచయాల వలను తయారు చేశాడు. వెస్ట్ సైడ్‌లో సుమారు 82,000 మంది ఉన్న ఒక నల్లజాతి పేటలో తుపాకీ హత్యల్లో 41 శాతం ఆ పేట జనాభాలో 4 శాతం కూడా లేని ఒక వలలోనే జరిగాయని 2014లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నగరమంతటికీ చూసినప్పుడు, కాల్పుల్లో గాయపడి బతికినవారిలో 70 శాతం మంది జనాభాలో 6 శాతం లోపు ఉన్న వలల్లోని వారే. 2017లో వచ్చిన మరో అధ్యయనం 2006–2014 మధ్య జరిగిన 11,123 కాల్పుల ఘటనలను పరిశీలించి, వాటిలో 63 శాతం పరిచయాల గొలుసు గుండా ఒకరి నుంచి ఒకరికి పాకినట్లు లెక్కగట్టింది. పేట పేరు వినగానే అక్కడి వారందరినీ అనుమానించడం ఎంత తప్పో ఈ లెక్కలే చెబుతాయి.

పరిశోధన చరిత్ర

షికాగో ఉన్న కుక్ కౌంటీలో 1899లో అమెరికాలోనే మొదటి బాలల న్యాయస్థానం ఏర్పడింది. దాని రికార్డులే తర్వాతి పరిశోధనకు ముడిసరుకయ్యాయి. ఎర్నెస్ట్ బర్జెస్ 1925లో నగరాన్ని కేంద్రం చుట్టూ వలయాలుగా వర్ణించాడు. ఫ్రెడరిక్ త్రాషర్ 1927లో 1,313 ముఠాల వివరాలు సేకరించి గ్రంథం రాశాడు. క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే ఇంకో అడుగు ముందుకు వేశారు. కోర్టుకు వచ్చిన ఒక్కో కుర్రవాడి ఇంటి చిరునామాకు నగర పటంపై ఒక్కో చుక్క పెట్టారు. నగర కేంద్రాన్ని ఆనుకున్న వలయంలో, ఫ్యాక్టరీల పక్కన, చుక్కలు ఒకదానిపై ఒకటి పడ్డాయి. బయటికి వెళ్తున్న కొద్దీ పలచబడ్డాయి.

1900 నుంచి 1933 వరకు వేర్వేరు కాలాలకు ఇలాంటి పటాలు గీసినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ పేటల్లో మొదట జర్మన్లు, ఐరిష్ వారు, స్వీడన్, నార్వేల నుంచి వచ్చినవారు ఉండేవారు. తర్వాత పోలండ్, ఇటలీ ప్రజలు, ఆపై దక్షిణ రాష్ట్రాల నల్లజాతీయులు వచ్చారు. జనం మారారు, చుక్కల గుంపు మాత్రం అక్కడే ఉంది. ఆ వలయం వదిలి వెళ్లిన జాతుల పిల్లల నేర రేటు కొత్తచోట తగ్గిపోయింది. నేరం ఒక జాతి గుణమని బాహాటంగా రాసే రోజుల్లో, 1942లో వెలువడిన వీరి గ్రంథం కారణాన్ని జాతి నుంచి స్థలం వైపు మళ్లించింది. షా అక్కడితో ఆగక 1930లలో స్థానికులచేతనే యువజన కార్యక్రమాలు నడిపించే షికాగో ఏరియా ప్రాజెక్టును ప్రారంభించాడు.

తర్వాతి మలుపు 1990లలో వచ్చింది. రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్, ఫెల్టన్ ఎర్ల్స్ 1995లో 343 నివాస సమూహాల్లో 8,782 మందిని ప్రశ్నించారు. వీధి మూల పిల్లలు బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే పక్కింటివారు కల్పించుకుంటారా, ఇరుగుపొరుగును నమ్మవచ్చా వంటివి ఆ ప్రశ్నలు. 1997లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, పేదరికం ఒకే స్థాయిలో ఉన్న పేటల్లో కూడా పరస్పర నమ్మకం, కల్పించుకునే అలవాటు ఉన్నచోట హింస తక్కువ. దీనికి వారు సామూహిక సామర్థ్యం అని పేరు పెట్టారు. చుట్టరికాలు, స్నేహాలు ఎన్ని ఉన్నాయన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అవసరమైనప్పుడు నలుగురూ ముందుకు వస్తారన్న ధీమా ముఖ్యం.

కారణాలు

నివాస విభజన: 1910లో షికాగోలో నల్లజాతీయులు 44,103 మంది. దక్షిణ రాష్ట్రాల నుంచి సాగిన మహా వలసతో 1970 నాటికి 11 లక్షలకు చేరారు. వారికి ఇల్లు దొరికింది మాత్రం సౌత్ సైడ్‌లో ‘బ్లాక్ బెల్ట్’ అనే ఇరుకు పట్టీలోనే. 1919 జులైలో సరస్సు ఒడ్డున స్నానాల రేవు వద్ద మొదలైన జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. నల్లజాతి వారికి ఇల్లు అమ్మబోమని, అద్దెకివ్వబోమని శ్వేతజాతి యజమానులు దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పే వరకు అవి చెల్లాయి. 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగర పటాలకు రంగులు వేసి, నల్లజాతి పేటలను ప్రమాదకరమైనవిగా ఎర్రరంగుతో గుర్తించింది. ప్రభుత్వ పూచీతో ఇచ్చే ఇంటి అప్పులు ఆ పేటలకు అందలేదు.

ఉపాధి నష్టం: దక్షిణ షికాగో ఉక్కు కర్మాగారాల గడ్డ. 1980లో విస్కాన్సిన్ స్టీల్, 1992లో యూఎస్ స్టీల్ వారి సౌత్ వర్క్స్ మూతపడ్డాయి. పశువధశాలలు అంతకు ముందే, 1971లో, ఆగిపోయాయి. ఎక్కువ చదువు లేకపోయినా కుటుంబాన్ని పోషించగల జీతాలు వీటితోపాటే పోయాయి. నల్లజాతి మధ్యతరగతి కొత్తగా తెరుచుకున్న పేటలకు కదలడంతో పాత పేటల్లో మిగిలినవారు నిరుపేదలేనని సమాజ శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో వాదించాడు.

ప్రభుత్వ గృహ సముదాయాలు: 1962లో పూర్తయిన రాబర్ట్ టేలర్ హోమ్స్‌లో ఒకే వరుసలో 16 అంతస్తుల భవనాలు 28 ఉండేవి. ఒక దశలో సుమారు 27,000 మంది అక్కడ నివసించారు. లిఫ్టులు పనిచేయక, మరమ్మతులు లేక, ముఠాల చేతికి చిక్కిన ఈ భవనాలను 2000లో మొదలైన పునర్నిర్మాణ ప్రణాళిక కింద 2007 నాటికి పూర్తిగా కూల్చివేశారు.

ముఠాలు, తుపాకులు: 1980, 1990లలో పెద్ద ముఠాలు మాదకద్రవ్యాల వ్యాపారం నడిపాయి. వాటి నాయకులను ఫెడరల్ కోర్టులు దీర్ఘకాలం జైలుకు పంపడం, గృహ సముదాయాలు కూలడం వల్ల ముఠాలు ఒక్కో బ్లాకుకు పరిమితమైన చిన్న గుంపులుగా చీలిపోయాయి. వాటికి ఆజ్ఞాపించే పెద్ద తలకాయ ఎవరూ లేరు. సోషల్ మీడియాలో ఒక పాట, ఒక వెక్కిరింత, పాత పగ కాల్పులకు దారితీస్తున్నాయి. తుపాకులు పొరుగున ఉన్న ఇండియానా వంటి రాష్ట్రాల నుంచి కూడా వస్తాయి.

పోలీసులపై అపనమ్మకం: కమాండర్ జాన్ బర్జ్ కింద పనిచేసిన డిటెక్టివ్‌లు 1970, 1980లలో సౌత్ సైడ్‌లో నిందితులను చిత్రహింసలు పెట్టిన ఉదంతం, 2014లో పదిహేడేళ్ల లక్వాన్ మెక్‌డొనాల్డ్‌పై ఒక అధికారి 16 తూటాలు కాల్చిన ఘటన ఈ అపనమ్మకాన్ని పెంచాయి. 2016లో నగరంలోని హత్య కేసుల్లో దాదాపు నాలుగింట ఒకటి మాత్రమే తేలింది. ప్రాణనష్టం లేని కాల్పుల్లో నూటికి 5 కేసులే కొలిక్కి వచ్చాయి. సాక్షులు నోరు విప్పరు, కేసులు తేలవు, తమ పగ తామే తీర్చుకోవాలనుకునేవారు పెరుగుతారు.

ఒక ప్రాంతం కథ: నార్త్ లాండేల్

పై కారణాలన్నీ ఒకేచోట ఎలా కలిశాయో వెస్ట్ సైడ్‌లోని నార్త్ లాండేల్ చూపిస్తుంది. 1950లో అక్కడ లక్ష మంది ఉండేవారు, అత్యధికులు యూదులతో సహా శ్వేతజాతీయులు. పదేళ్లు తిరిగేసరికి జనాభా 1,24,937కు పెరిగింది, అందులో పదింట తొమ్మిది మంది నల్లజాతివారు. బ్యాంకులు అప్పివ్వని ఈ కొత్త కుటుంబాలకు దళారులు ఇళ్లను కాంట్రాక్టు పద్ధతిలో అమ్మారు. ధర అసలు విలువకన్నా చాలా ఎక్కువగా ఉండేది. చివరి వాయిదా కట్టేవరకు ఇల్లు కొన్నవారి పేర రిజిస్టరు కాదు. ఒక్క నెల తప్పినా ఇల్లూ పోయేది, కట్టిన డబ్బూ పోయేది. వాయిదాలు కట్టడానికి జనం ఇళ్లలో అద్దెదారులను కిక్కిరిసి నింపారు, మరమ్మతులు మానుకున్నారు. 1968లో కొనుగోలుదారులు సంఘం కట్టి వాయిదాల చెల్లింపు ఆపేశారు. ఈ పద్ధతి వల్ల 1950, 60లలో షికాగో నల్లజాతి కుటుంబాలు నష్టపోయిన సొమ్ము నేటి విలువలో 300 కోట్ల నుంచి 400 కోట్ల డాలర్లని డ్యూక్ విశ్వవిద్యాలయం 2019లో వెలువరించిన అధ్యయనం అంచనా.

1966లో మార్టిన్ లూథర్ కింగ్ గృహ సమస్యపై ఉద్యమించడానికి వచ్చి ఇక్కడే హామ్లిన్ అవెన్యూలో అద్దెకు దిగాడు. 1968 ఏప్రిల్‌లో ఆయన హత్యానంతరం చెలరేగిన అల్లర్లలో ఈ పేట దుకాణాల వీధులు తగలబడ్డాయి. వేలమందికి పని ఇచ్చిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కర్మాగారం మూతపడింది. సియర్స్ కంపెనీ 1970లలో ఇక్కడున్న ప్రధాన కార్యాలయాన్ని నగర కేంద్రానికి తరలించింది. విల్సన్ ఇచ్చిన లెక్క ప్రకారం 1986 నాటికి 66,000 మందికి పైగా ఉన్న ఈ ప్రాంతంలో ఒక బ్యాంకు, ఒక సూపర్‌మార్కెట్ మిగిలాయి. లాటరీ ఏజెంట్లు 48 మంది, రుసుము తీసుకుని చెక్కులకు నగదు ఇచ్చే దుకాణాలు 50, మద్యం దుకాణాలు, బార్లు 99 ఉన్నాయి. 2020 నాటికి జనాభా 34,794కు పడిపోయింది.

దీనికి దక్షిణాన ఆనుకునే సౌత్ లాండేల్ ఉంది. లిటిల్ విలేజ్ అని పిలిచే ఈ మెక్సికన్ పేటలోనూ పేదరికం ఉంది, ముఠాలూ ఉన్నాయి. అయినా 26వ వీధి దుకాణాలతో, జనంతో కళకళలాడుతుంది. 1995 జులైలో వచ్చిన వడగాడ్పులకు షికాగోలో 700 మందికి పైగా చనిపోయినప్పుడు ఈ రెండు ప్రాంతాల తేడా హింసకు సంబంధం లేనట్లు కనిపించే చోట బయటపడింది. నార్త్ లాండేల్‌లో మరణాల రేటు లిటిల్ విలేజ్ కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. సమాజ శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పరిశీలన ప్రకారం, ఒంటరి వృద్ధులు బయటి హింసకు భయపడి తలుపులు, కిటికీలు బిగించుకుని ఇంట్లోనే ఉండిపోయారు. బయటికి వచ్చినా వెళ్లి కూర్చునే దుకాణం గానీ, పలకరించే మనిషి గానీ దగ్గర్లో లేరు.

పర్యవసానాలు

హింస తగిలేది తూటా తగిలినవారికే కాదు. ఇంటికి దగ్గర్లో హత్య జరిగిన వారం రోజుల్లో భాషా పరీక్షలు రాసిన షికాగో నల్లజాతి పిల్లలకు, ఇతర సమయాల్లో రాసిన అదే పేట పిల్లలకన్నా తక్కువ మార్కులు వచ్చాయని సమాజ శాస్త్రవేత్త పాట్రిక్ షార్కీ 2010లో చూపాడు. ఆ పిల్లలు హత్యను కళ్లారా చూసి ఉండనక్కర్లేదు.

చికిత్స విషయంలోనూ అసమానత ఉంది. 1990ల ఆరంభం నుంచి 2018 వరకు సౌత్ సైడ్‌లో తీవ్ర గాయాలకు చికిత్స చేసే అత్యున్నత స్థాయి ట్రామా కేంద్రం పెద్దలకు లేదు. తూటా తగిలినవారిని మైళ్ల దూరం తీసుకెళ్లాల్సి వచ్చేది. ట్రామా కేంద్రానికి 5 మైళ్లకు మించిన దూరంలో గాయపడినవారిలో మరణాలు ఎక్కువని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. స్థానిక యువకుల సుదీర్ఘ ఆందోళన తర్వాత 2018 మేలో షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆ కేంద్రం తెరుచుకుంది. సరస్సు ఒడ్డున ధనికులుండే స్ట్రీటర్‌విల్‌లో ఆయుర్దాయం 90 ఏళ్లు, ఇంగిల్‌వుడ్‌లో 60 ఏళ్లు అని 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలిపారు. ఈ తేడాకు హింస ఒక్కటే కారణం కాదు గానీ అదీ ఒక కారణం.

మధ్యతరగతి నల్లజాతి పేటలకు మరో ఇబ్బంది ఉంది. మంచి జీతాలు, సొంత ఇళ్లు ఉన్నా వారి పేటలు నిరుపేద పేటలను ఆనుకుని ఉండటం వల్ల వారి పిల్లలకు ముఠాల తాకిడి తప్పదని సమాజ శాస్త్రవేత్త మేరీ పటిల్లో 1999లో తన గ్రంథంలో వివరించింది. అదే ఆదాయం ఉన్న శ్వేతజాతి కుటుంబానికి ఆ పొరుగు ఉండదు.

నివారణ ప్రయత్నాలు

ఎపిడెమియాలజిస్టు గ్యారీ స్లట్కిన్ హింసను అంటువ్యాధిగా చూడాలని ప్రతిపాదించి, 2000లో వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్‌లో సీజ్‌ఫైర్ కార్యక్రమాన్ని మొదలుపెట్టాడు. ఒకప్పుడు ముఠాల్లో ఉండి బయటపడినవారిని నియమించి, ఒక కాల్పుల ఘటనకు ప్రతీకారంగా మరొకటి జరగకుండా మాటలతో ఆపించడం దీని పద్ధతి. ఇది తర్వాత క్యూర్ వయొలెన్స్ పేరుతో ఇతర దేశాలకూ పాకింది. ఫలితాలు చోటును బట్టి మారాయి.

యువకులతో చేసిన ప్రయోగాలకు గట్టి ఆధారాలు ఉన్నాయి. హింస ఎక్కువగా ఉన్న పేటల్లోని 13 హైస్కూళ్లకు చెందిన 1,634 మంది విద్యార్థుల్లో లాటరీ పద్ధతిన ఎంపికైనవారికి 2012 వేసవిలో ఎనిమిది వారాల ఉద్యోగం ఇచ్చారు. తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాలకు వారి అరెస్టులు మిగతావారికన్నా 43 శాతం తగ్గాయి. కోపం వచ్చిన క్షణంలో ఆగి ఆలోచించడం నేర్పే బికమింగ్ ఎ మ్యాన్ అనే కార్యక్రమంలో, అది నడిచిన కాలంలో, హింసాత్మక నేరాల అరెస్టులు ఇంచుమించు సగానికి పడిపోయాయి. కార్యక్రమం ముగిశాక ఆ ప్రభావం నిలవలేదు.

స్థలాన్ని మార్చే ప్రయత్నాలు మరో తరహావి. కూల్చిన ఇళ్ల ఖాళీ స్థలాలను అదే బ్లాకులో ఇల్లున్నవారికి ఒక్క డాలరుకే అమ్మే పథకాన్ని నగరం 2014లో ప్రారంభించింది. ఫిలడెల్ఫియాలో ఇలాంటి స్థలాలను శుభ్రంచేసి గడ్డి, చెట్లు వేయించగా పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018 నాటి ప్రయోగం చూపింది. 2013లో షికాగో విద్యాశాఖ ఒకేసారి 50 వరకు బడులను మూసివేసి, పిల్లలు ముఠాల సరిహద్దులు దాటి కొత్త బడికి వెళ్లాల్సిన పరిస్థితి తెచ్చింది. దాంతో బడి వేళల్లో మెరిసే రంగు జాకెట్లు వేసుకున్న స్థానికులను వీధి మూలల్లో నిలబెట్టే సేఫ్ పాసేజ్ పథకాన్ని విస్తరించారు. ఉదయం బడి గంటకు ముందు, మధ్యాహ్నం బడి వదిలాక, ఏ పిల్లవాడు ఏ దారిన వెళ్తాడో ఎరిగిన అమ్మమ్మల వయసువారు కూడా ఈ కాపలాలో ఉంటారు.

చోటు మారినవారి అనుభవమూ ఇదే వైపు చూపుతుంది. ప్రభుత్వ గృహ సముదాయాలు కూలినప్పుడు వేరే పేటలకు వెళ్లిన పిల్లలను, కూలని భవనాల్లో ఉండిపోయిన పిల్లలతో ఆర్థికవేత్త ఎరిక్ చిన్ పోల్చి చూశాడు. వెళ్లినవారు పెద్దయ్యాక ఉద్యోగాల్లో ఎక్కువగా ఉన్నారు, హింసాత్మక నేరాలకు తక్కువగా అరెస్టయ్యారు.

అభిప్రాయ భేదాలు

నేరాలు గుమిగూడిన చోట పోలీసులను పెంచితే అక్కడ తగ్గుతాయని అనేక ప్రయోగాలు చూపాయి. ఆ నేరాలు పక్క వీధికి జరుగుతాయన్న భయం చాలావరకు నిజం కాలేదు. అయితే అవే వీధుల్లో తరచూ ఆపి సోదా చేయడం వల్ల నిరపరాధులు కూడా పోలీసులకు దూరమవుతారని విమర్శకులు అంటారు. షికాగో పోలీసులు వ్యక్తులకు ప్రమాద అంకెలు కేటాయిస్తూ తయారు చేసిన జాబితా ఇలాంటి విమర్శల మధ్య 2019లో ఆగిపోయింది.

వలస వచ్చినవారు నేరాన్ని పెంచుతారన్న వాదనకు షికాగో లెక్కలు ఎదురు నిలిచాయి. 2005లో శాంప్సన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, వలస వచ్చిన మొదటి తరం వారు హింసకు పాల్పడే అవకాశం మూడవ తరం అమెరికన్లకన్నా 45 శాతం తక్కువ. వలసదారులు ఎక్కువగా ఉన్న పేటల్లోనూ హింస తక్కువగానే కనిపించింది.

తెలుగువారు

షికాగో మహానగర పరిధిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వంటి శివారు పట్టణాల్లో ఉంటారు. అరోరాలోని వేంకటేశ్వరస్వామి ఆలయం, లెమాంట్‌లోని రామాలయం ఆ శివార్లలోనే ఉన్నాయి. నగరం లోపల భారతీయ దుకాణాలకు పేరుపడిన డెవాన్ అవెన్యూ ఉత్తర భాగంలోని వెస్ట్ రిడ్జ్ ప్రాంతంలో ఉంది. చదువు కోసం వచ్చే విద్యార్థుల పరిస్థితి వేరు. అద్దె తక్కువని నగరంలో గదులు తీసుకుని, పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో రాత్రి పనులు చేసేవారు దోపిడీ ప్రమాదానికి దగ్గరగా ఉంటారు. అమెరికా నగరాల్లో ఇలాంటి చోట్ల తెలుగు విద్యార్థులు కాల్పులకు బలైన ఘటనలు 2020లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాల్లో తీవ్ర ఆందోళన కలిగించాయి. వారికి నగరం మొత్తం హత్యల సంఖ్య గానీ, ఫలానా వైపు మంచిది కాదన్న మాట గానీ పెద్దగా పనికిరావు. పనిచేసే దుకాణం ఏ మూలన ఉంది, ఎంత రాత్రి దాకా తెరిచి ఉంటుంది, ఒంటరిగా ఉండాలా అన్నవే ప్రమాదాన్ని నిర్ణయిస్తాయి.

ఇటీవలి స్థితి

2022 నుంచి హత్యలు తగ్గుతున్నప్పుడు ఎక్కువ హింస ఉన్న పేటల్లోనూ తగ్గాయి. కాని ప్రాంతాల వరుస అలాగే ఉంది. 1990ల మధ్య నుంచి నగరం మొత్తం నేరం బాగా తగ్గిన దశాబ్దంలోనూ పేటల స్థానాలు దాదాపు మారలేదని శాంప్సన్ 2012లో చూపినదానికి ఇది అనుగుణమే. హింసను ఒక ఏడాదిలో తగ్గించడం, హింస ఎక్కడ ఉండాలో నిర్ణయించే పరిస్థితులను మార్చడం రెండు వేర్వేరు పనులు. వేసవి ఉద్యోగాలు, మధ్యవర్తులు, పోలీసులు మొదటి పనికి సాయపడగలరు. రెండవ పనికి ఇళ్లు, అప్పులు, బడులు, జీతాలు కావాలి. ఆ పేటలు చేజార్చుకున్నవీ సరిగ్గా అవే.